ఇంజన్ గది గోడ మీది కాగితం

దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 6, 1969.

సూర్యప్రభ వదినకు ఎలీశమ్మ వందనాలు.

నా రాతలో తప్పులుంటాయి. అక్షరాలు కోడి గీరినట్టుంటాయి. మన్నించండి. మిషన్ బడిలో ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. ఆ తర్వాత నాటు వేయడానికీ కలుపు తీయడానికీ తప్ప ఈ చేతికి వేరే పని లేదు. లారీ ఎక్కేటప్పుడు మీరు, "ఎలా రాసినా సరే రాయి, నేను చదువుకుంటాను" అన్నారు కాబట్టి ధైర్యం చేశాను.

మీరంతా తెనాలి క్షేమంగా చేరారని తలుస్తాను. మీ ఇంటి గోడ మీద పిల్లగాళ్ళు బొగ్గుతో రాసిన రాతలు అలాగే ఉన్నాయి. "గైర్ ముల్కీ వాపస్ జావ్" అని, బయటివాళ్ళు వెనక్కి పొమ్మని ఉన్న చోట నేను తడిగుడ్డతో తుడిచాను. మాటలు పోయాయి, నల్లమరక పోలేదు. మీ ఆవకాయ జాడీ మా ఇంట్లో మూల భద్రంగా ఉంది. మూత తీయలేదు.

మీరు వెళ్ళిన మరునాటి నుంచే పొద్దుటి పూట మా ఇంటాయన బావి దగ్గర నీళ్ళు తోడే ఇంజన్ నడుపుతున్నారు. నాలుగేళ్ళు బావికి కాపలా ఉన్న మనిషి ఇప్పుడు ఇంజన్ డ్రైవరు అనిపించుకుంటుంటే నాకు సంతోషంగానే ఉంది, మీవారి పని పోయి వచ్చిందని తలచుకుంటే మాత్రం సిగ్గుగా ఉంది. సాయంత్రం పూటకు బాటసింగారం నుంచి భిక్షపతి అనే ఆయనను పెట్టారు. ఆయనకు చదవడం వచ్చు. ఇద్దరిదీ ఇప్పటికి తాత్కాలికమే. జూలైలో ఒక్కరినే పర్మినెంట్ చేస్తామని కాలనీ సంఘం పెద్ద గోపయ్యగారు చెప్పారు.

ఇంజన్ ఎలా నడపాలో అన్నగారు చెబుతుంటే నేను రాసిన కాగితాన్ని ఇంజన్ గది గోడకు మేకు కొట్టి పెట్టారు. పన్నెండు వరుసలు. గోపయ్యగారు చదివి, "ఎవలు రాసిండ్రు గిది? మంచిగుంది" అన్నారట. మా ఇంటాయన, "మా ఇంట్ల రాసింది సారు" అన్నారట. ఆ సంగతి విన్న రోజు నేను నీళ్ళకు కూడా బయటికి పోలేదు, సిగ్గేసి.

అన్నగారికి నా వందనాలు చెప్పండి.

మీ మరదలు,
ఎలీశమ్మ.

*

తెనాలి,
ఏప్రిల్ 27, 1969.

ఎలీశమ్మకు సూర్యప్రభ ఆశీస్సులు.

నీ అక్షరాలు కోడి గీరినట్టేం లేవు. గారెల్లా గుండ్రంగా ఉన్నాయి. ఇంకోసారి అలా రాశావంటే జవాబివ్వను. జాడీ మూత తీసి తిను. ఏడాది దాస్తే మాత్రం అది నాకు తిరిగొస్తుందా?

మేం మా అన్నయ్య ఇంట్లో ఉన్నాం. మీ అన్నగారు పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్ళరు. రోడ్డు మీద ఏ ఇంజన్ చప్పుడు వినబడినా, "దానికి ఆయిల్ చాల్లేదు" అంటారు. మా వదిన నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

నీతో ఒక పని పడింది. ఇక్కడ రైసు మిల్లులో ఇంజన్ డ్రైవరు ఖాళీ ఉంది. మిల్లు ఆసామి ఈయన చెయ్యి చూసి ఒప్పుకున్నాడు కానీ, "పాతచోట బాగా పనిచేశారని కాయితం తెండి. ఊరికే వచ్చేశారంటే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు. తరిమేశారు, నిజమే. కానీ పనిలో తప్పు చేసి కాదు కదమ్మా. నాలుగేళ్ళలో ఒక్కపూట నీళ్ళు ఆగాయా? ఆ మాటే గోపయ్యగారు రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలు. మీ అన్నగారు కూడా ఆయనకు కార్డు రాస్తున్నారు. నువ్వు ఓసారి వాళ్ళింటికి వెళ్ళి గుర్తుచేయి. నీకు మొహమాటమని తెలుసు. అయినా నీకు తప్ప ఎవరికి చెప్పను?

సూర్యప్రభ.

*

దిల్‌సుఖ్‌నగర్,
మే 18, 1969.

వదినకు వందనాలు.

బందుల వల్ల మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. గోపయ్యగారిని ఇంకా అడగలేదు. ఇప్పుడు అడిగే వీలు లేదు. ఎందుకో తర్వాత రాస్తాను. నా మీద కోపం తెచ్చుకోవద్దు.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. సరూర్‌నగర్ చెరువు అంచులు పగుళ్ళిచ్చాయి. ఎల్బీనగర్ దిక్కు కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు కూడా మన బావికే వస్తున్నారు.

ఒక్క మాట. ఆ రోజు కాగితం రాయించేటప్పుడు, హ్యాండిల్ తిప్పేముందు చెయ్యి ఎలా పెట్టాలో అన్నగారు ఏమైనా చెప్పారా? ఆయనకు గుర్తుందేమో కనుక్కోండి. ఊరికే అడుగుతున్నాను.

ఎలీశమ్మ.

*

తెనాలి,
జూన్ 5, 1969.

ఎలీశమ్మకు,

ఊరికే అడిగావా? ఊరికేనా?

నిన్న గోపయ్యగారి కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "భానుమూర్తిగారూ, మీరు రాయించిన కాగితం ప్రకారం ఇంజన్ తిప్పబోయి మా భిక్షపతి కుడి మణికట్టు రెండుచోట్ల విరిగినది. పోతూపోతూ కావాలనే తప్పు చెప్పిపోయినారని ఇక్కడ అందరి అభిప్రాయము. సర్టిఫికెట్ మాట ఎత్తవద్దు."

కార్డు కాబట్టి పోస్టుమాను చదివాడు, మా అన్నయ్య చదివాడు. మీ అన్నగారు చివర చదివారు. చదివి లోపలికొచ్చి నా చేతిలో అప్పడాల కర్ర లాక్కుని, దాన్ని హ్యాండిల్లా పట్టుకుని, బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కకు చేర్చి చూపించారు. "ఇలా పట్టుకోవాలి. బొటనవేలు చుట్టూ తిప్పకూడదు. ఇంజన్ ఎదురు తన్నిందంటే హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది. వేలు ఇటుంటే అది జారిపోతుంది, చుట్టూ ఉంటే చెయ్యి విరుగుతుంది. ఇది చెప్పకుండా వస్తానా నేను? మూడుసార్లు చూపించానే!" అన్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన ఇంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

ఇళ్ళ మీద రాళ్ళు పడ్డప్పుడు కూడా ఆయన, "కుర్రాళ్ళు, కోపంలో ఉన్నారు" అన్నారు. ఈ మాట మాత్రం తట్టుకోలేకపోతున్నారు. నిన్నటినుంచి అన్నం ముట్టలేదు.

నీకు చూపించారా లేదా? కబుర్లేం వద్దు. ఒక్క మాట రాయి.

సూర్యప్రభ.

*

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 14, 1969.

వదినకు ఎలీశమ్మ రాసేది.

చూపించారు. నేను చూడలేదు.

మీరు సామాన్లు కట్టుకుంటున్న ఆ మధ్యాహ్నం అన్నగారు ఇంజన్ పక్కన నిలబడ్డారు. నేను గడప దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నాను. కొంగు ముఖం మీదికి లాక్కుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. మీ ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆయన ఉంటే నేను తలెత్తేదాన్ని కాదు, మీకు తెలుసు. చెవులతో విన్నదంతా రాశాను. డీజిలు కొళాయి తిప్పాలి అన్నారు, రాశాను. పైనున్న వేలంత లివరు లేపాలి అన్నారు, రాశాను. తర్వాత, "హ్యాండిల్ ఇదిగో, ఇలా పట్టుకోవాలి. ఇలా, తెలిసిందా?" అన్నారు. మళ్ళీ, "ఇలా కాదు, ఇలా" అన్నారు. నేను తల ఊపాను. "ఇలా" అనే మాటకు ఏం రాయాలో నాకు తెలియలేదు. అడగడానికి నోరు రాలేదు. "హ్యాండిల్ పట్టుకోవాలి" అని రాసి కిందికి పోయాను.

మే తొమ్మిదో తారీకు సాయంత్రం భిక్షపతి ఆ వరుస చదువుకుని పిడికిలి బిగించి పట్టుకున్నాడు. అతను లివరు తొందరగా దించాడట. ఇంజన్ ఎదురు తన్నింది. నేను అరుపు విన్నాను. జట్కాలో దవాఖానకు తీసుకుపోతుంటే అతని భార్య తిరుపతమ్మ చెప్పులు లేకుండా వెనక పరుగెత్తింది.

ఆ రాత్రికే కాలనీ అంతా ఒకటే మాట. "ఆంధ్రోడు పోతా పోతా మనోని చెయ్యి ఇరిచి పోయిండు" అని. ఎవరూ కాగితం ఎవరు రాశారని అడగలేదు. చెప్పింది ఎవరన్నదే వాళ్ళకు కావాలి. నేను నోరు మూసుకున్నాను. ఆ రాత అన్నగారిది కాదు, నాది అని చెబితే మా ఇంటాయనకు జూలైలో పని రాదు. ఇదీ నా సంగతి.

వదినా, ఈసారి "ఇలా" అనే మాట లేకుండా మొత్తం రాయించి పంపండి. చూడనివాళ్ళకు, చీకట్లో చదివేవాళ్ళకు కూడా తెలిసేటట్టు. ఆ తర్వాత నేనేం చేయాలో నేను చేస్తాను.

అన్నగారిని అన్నం తినమనండి.

ఎలీశమ్మ.

*

తెనాలి,
జూన్ 22, 1969.

ఎలీశమ్మకు,

నా కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మొదట మీ అన్నగారు, "ఆ పిల్లకు బుద్ధి లేదా?" అని అరిచారు. ఆ తర్వాత, "చూడకుండా రాస్తోందని నేనూ చూడలేదే" అన్నారు. ఆ పూట అన్నం తిన్నారు.

వేరే కాగితాల మీద ఉన్నదంతా ఆయన చెప్పగా నేను రాసింది. ఈసారి నేను ఊరుకోలేదు. "ఇలా" అన్నప్పుడల్లా, "ఎలా? నోటితో చెప్పండి" అన్నాను. "కొంచెం" అంటే, "కొంచెమంటే నా చెంచాతోనా, మీ చెంచాతోనా?" అన్నాను. మూడు రోజులు కొట్లాడుకున్నాం. చేతికి తెలిసింది నోటికి రాదట. ఆ సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

ఆయన చెప్పమన్నది ఇంకొకటి. గోడకు పెట్టేముందు దీన్ని ఇంజన్ ఎప్పుడూ ముట్టనివాళ్ళ చేత చేయించు. పక్కన నిలబడు గానీ సాయం చెప్పకు. వాళ్ళెక్కడ ఆగిపోతే అక్కడ తప్పు కాగితంలో ఉంది, వాళ్ళలో లేదు. ఎందుకంటే రేపు తిప్పేవాడి పక్కన నువ్వుండవు, ఆయనుండడు, ఆ కాగితమే ఉంటుంది.

మిల్లు ఆసామి జూలై పదిదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత వేరేవాణ్ణి చూసుకుంటాడు.

ఇంకో మాట. ఆ మధ్యాహ్నం మీ ఆయన ప్రభుదాసు కూడా అక్కడే, ఇంజన్ బెల్టు పట్టా దగ్గర నిలబడి ఉన్నాడని ఈయన అంటున్నారు. మరి అతను కూడా చూడలేదా?

సూర్యప్రభ.

*

దిల్‌సుఖ్‌నగర్,
జూలై 3, 1969.

వదినకు ఎలీశమ్మ వందనాలు.

ఈ కవరులో మూడున్నాయి. ఒకటి గోపయ్యగారు సంతకం పెట్టిన సర్టిఫికెట్. రెండు, గోడ మీద పెట్టిన కొత్త కాగితానికి నకలు. మూడు, ఈ ఉత్తరం.

మీ కాగితాలు అందిన రోజే తిరుపతమ్మ ఇంటికి పోయాను. ఇంజన్ ముట్టనివాళ్ళు కావాలంటే నాకు ఆమే తోచింది. భిక్షపతి మంచం మీద కూర్చున్నాడు, చెయ్యి మెడకు వేలాడుతోంది. వాళ్ళిద్దరి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాను. తలెత్తే చెప్పాను. భిక్షపతి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరుపతమ్మ లేచింది.

"నీ కాగితం సదివే మా ఇంటాయన చెయ్యి పాయె. గిప్పుడు నన్ను పొమ్మంటవా?"

"అందుకే నిన్ను అడుగుతున్న వదినె. తప్పు దొరికితే నువ్వు ఇడిచిపెట్టవు."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "నడువు" అంది.

పొద్దుటి పూట మా ఇంటాయనదే. తిరుపతమ్మను చూసి ఆయన ముఖం మాడ్చుకున్నారు. "ఆడోళ్ళు తిప్పుతరా ఇంజను? జర జరుగుండ్రి, ముందు నేను తిప్పి చూపెడత" అని హ్యాండిల్ అందుకున్నారు. ఈసారి నేను చూశాను వదినా. ఆయన బొటనవేలు నాలుగు వేళ్ళ పక్కనే ఉంది. అన్నగారు అప్పడాల కర్ర పట్టుకున్నట్టే.

ఇంజన్ ఆపించి కాగితం చదవడం మొదలుపెట్టాను. తిరుపతమ్మ ఒక్కో వరుస వినడం, చేయడం.

"నూనె సూడాలె అంటివి. రెండు డబ్బలున్నయి. ఏ నూనె?"

సాయం చెప్పకూడదు కదా, నేను ఊరుకున్నాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందే, మూగదానివైతివి? నాకు తెల్వకనే గదా అడుగుతున్న?"

"కాగితంల లేదు వదినె. రాస్తున్న ఆగు." చిక్కటి నూనె, నల్లడబ్బాది అని రాశాను.

"హ్యాండిల్ జోరందుకున్నంక లివరు దించాలె అంటివి. ఎంత జోరు? నాకు జోరే, ఇంజనుకు జోరు గాకపోతే?"

అది కూడా రాశాను. చెయ్యి పదిహేను చుట్లు తిరిగాక, హ్యాండిల్ తనంతట తాను చేతిని లాగుతున్నట్టు అనిపించినప్పుడు అని. ఆమె అలా తొమ్మిదిచోట్ల ఆగింది. తొమ్మిది తప్పులు. అన్నగారు చెప్పి, మీరు కొట్లాడి రాసిన దాంట్లో కూడా తొమ్మిది.

బొటనవేలు వరుస దగ్గర ఆమె ఆగలేదు. నేను చదివినట్టే వేలు పక్కకు చేర్చి పెట్టింది. రెండోసారికి ఇంజన్ అందుకుంది. గొట్టంలో నీళ్ళు ఎక్కిన చప్పుడు వినబడింది. నేను నవ్వబోయాను. తిరుపతమ్మ తన చేతి వంక, ఆ వేలి వంక చూసుకుంటోంది.

"గీ ఒక్క మాట రాయకపోతివి గదనే" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె పోయాక మా ఇంటాయనను అడిగాను.

"గట్ల పట్టాలని మీకెవలు చెప్పిండ్రు?"

"అన్న చూపెట్టిండు గద ఆ దినం. నువ్వు రాస్తనే ఉంటివి."

"మరి భిక్షపతికి ఎందుకు చెప్పలె?"

"కాగితంల ఉందనుకున్న."

"మీకు సదువు రాదు. కాగితంల ఏముందో సదివి చెప్పుమని నన్నొక్కనాడన్న అడిగిండ్రా?"

ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకున్నారు. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నారు. "ఒక్కన్నే పెట్టుకుంటమన్నడు గోపయ్య" అన్నారు. అంతే. ఆ మాటకు అర్థం ఏమిటో నేను అడగలేదు వదినా. అడిగితే చెబుతారేమోనని భయపడ్డాను.

మీరడిగిన దానికి ఇదే జవాబు. ఆయన చూశారు.

మరునాడు సంఘం వాళ్ళు కూర్చున్నప్పుడు పోయాను. "మొదటి కాగితంలో తప్పు నాది. భానుమూర్తిగారు చూపించారు, నేను చూడక రాయలేదు" అని రాసి, కింద ప్రభుదాసు భార్య ఎలీశమ్మ అని సంతకం పెట్టి ఇచ్చాను. గోపయ్యగారు కళ్ళద్దాలు తీశారు.

"నీకెందుకమ్మ గిదంత? ఆయన పోయిండు. నువ్వు ఈడ బతకాలె."

"రాసింది నేనే సారు."

"నీ మొగడు గప్పుడు ఆడ లేడా?"

"లేడు సారు. బావి కాడ ఉండె."

వదినా, ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! మూడు నెలల కిందట ఒక మాట అడగలేని నోరు. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నాను గానీ కళ్ళు మూసుకోలేకపోయాను.

తిరుపతమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఆమె రాసిన కొత్త కాగితం తోని నేను తిప్పిన. నాకే వచ్చింది, ఎవలకన్న వస్తది. ఆ ఆంధ్రాయనకు ఇయ్యాల్సింది ఇయ్యుండ్రి" అంది. గోపయ్యగారు అక్కడే సర్టిఫికెట్ రాశారు. నాలుగు సంవత్సరములు అనే చోట ఆగి, ఒక్కపూట నీళ్ళు ఆగలేదు అని తానే చేర్చారు.

చెయ్యి బాగయ్యాక పర్మినెంట్ పని భిక్షపతికి ఇస్తారు. అంతవరకు మా ఇంటాయన నడిపి, తర్వాత మళ్ళీ కాపలాకు పోవాలి. ఇది విన్న రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నారు. నిన్న మీ జాడీ మూత తీశాను. ఆవకాయ కలుపుకుని తిన్నారు, బాగుందని కూడా అనలేదు.

కొత్త కాగితం గోడ మీద ఉంది. కింద, "చెప్పినది భానుమూర్తిగారు, చేసి చూసినది తిరుపతమ్మ, రాసినది ఎలీశమ్మ" అని పెట్టాను. రెండోరోజుకే ఎవరో అన్నగారి పేరు బొగ్గుతో కొట్టేశారు. కాగితం తుడిస్తే చిరుగుతుంది కాబట్టి ఇంకొకటి రాసి పెట్టాను. మళ్ళీ కొట్టేస్తే మళ్ళీ రాస్తాను. ఇప్పుడు చూడకుండానే రాయగలను.

సర్టిఫికెట్ వెంటనే మిల్లుకు పంపండి. నకలు దాచుకోండి, తప్పులుంటే దిద్ది పంపండి. మా ఇంటాయన ఆ రోజు ఇంజన్ గదిలో ఉన్నారన్న మాట అన్నగారు ఇక ఎవరి దగ్గరా అనకూడదు. ఎలాగో ఒప్పించండి. ఎందుకని అడిగితే నా మీద వేయండి. నేను చెప్పింది అబద్ధమని తేలితే ఉన్న కాపలా పని కూడా పోతుంది. అంతకంటే, భిక్షపతి ఆయనను చూసే చూపు మారిపోతుంది. అదెలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. నేనూ ఆయనను అలాగే చూస్తున్నాను.

ఈ ఉత్తరం మీరు ఒక్కరే చదవండి. చదివి పొయ్యిలో పెట్టండి. పెట్టి వెళ్ళిపోవద్దు. చివరి ముక్క మసయ్యేదాకా దగ్గరే ఉండి, తల తిప్పుకోకుండా చూడండి.

మీ మరదలు,
ఎలీశమ్మ.